మెహమాన్ పేరున నీళ్లు

సౌదీలో కాగితాలు సరిలేని పరాయి దేశపు పనివాళ్లను ఏరివేసే నితాఖాత్ తనిఖీలు జోరుగా సాగుతున్న రోజులు. అల్ ఖర్జ్ నుంచి రియాద్‌కు టాక్సీలో వెళ్తున్నాను. నివాస అనుమతి కార్డు ఇకామాలో నాకు పూచీగా ఉన్న కఫీల్ ఒకరు, నేను పని చేస్తున్నది మరొకరి దగ్గర. దొరికితే జైలు, ఆ తర్వాత ఇంటికి పంపేయడమే. ముందు చెక్‌పోస్టు కనిపించగానే నోరు ఎండిపోయింది.

డ్రైవర్ పాకిస్తానీ పెద్దాయన. "ఇండియానా?" అని ఉర్దూలో అడిగాడు. తలూపాను.

"యుద్ధంలో మీ బాంబర్ విమానం ఒకటి మా పొలంలో కూలింది. ఒకతను బతికాడు, ఒళ్లంతా గాయాలతో మా ఇంటికి చేరాడు."

అతన్నేం చేశారని అడగడానికి భయమేసింది.

"ఊరివాళ్లు కర్రలు పట్టుకొచ్చారు. అమ్మ గుమ్మానికి అడ్డం నిలబడింది. నా ఇంట్లో నీళ్లడిగాడు, ఇక నా మెహమాన్, నా అతిథి అంది. తెల్లారేసరికి ప్రాణం పోయింది. పేరైనా తెలియదు. ఏటా ఆ రోజు దారిన పోయేవాళ్లకు మెహమాన్ పేరున నీళ్లిచ్చేది. అమ్మ పోయాక నేనిస్తున్నా. ఈ రోజు అదే."

నీళ్ల సీసా నా చేతిలో పెట్టాడు. మూత తీయకుండా ఒళ్లో పెట్టుకున్నాను.

బండి ఆగింది. పోలీసు నన్ను చూపించి ఎవరని అడిగాడు.

"నా మెహమాన్," అని అరబీలో చెప్పాడు పెద్దాయన.

పోలీసు నా ముఖంలోకి చూశాడు. తర్వాత ఇకామా అడక్కుండానే వెళ్లమని చెయ్యూపాడు.

చాలా దూరం పోయాక అడిగాను. "చాచా, ఆ రోజు ఆ మెహమాన్ నీళ్లు తాగాడా?"

"పెదవులు తడిశాయి. మింగలేకపోయాడు."

మూత తీసి, చుక్క మిగలకుండా తాగాను.