ఐదు, ఏడు కలిసే చోటు

2010 మొదట్లో నేను విశ్వవిద్యాలయ గణిత విభాగంలో అసోసియేట్ ప్రొఫెసర్‌ను. ఆ ఏడు ఎం.ఎస్సీ. ఆఖరి సంవత్సరం విద్యార్థుల్లో మల్లేశ్ ప్రాజెక్టుకు నన్ను గైడ్‌గా వేశారు. గైడ్ పని దారి చూపడం, చివర్లో ధ్రువపత్రం మీద సంతకం చేయడం. వైవాలో పక్కన కూర్చోవచ్చు గానీ, అభ్యర్థి బదులు జవాబు చెప్పకూడదు.

మల్లేశ్‌ది క్యాంపస్‌ను ఆనుకున్న మాణికేశ్వర్ నగర్. తండ్రి దగ్గర డప్పు నేర్చుకున్నాడు. ప్రధాన సంఖ్యల మీద ప్రాజెక్టు చేస్తూ అందులో లయ గురించి ఒక అధ్యాయం రాస్తానన్నాడు. నాలుగు దెబ్బల వరస, ఆరు దెబ్బల వరస ఒకేసారి మొదలుపెడితే వాటి తొలి దెబ్బలు ఇరవై నాలుగు దాకా ఆగకుండా పన్నెండుకే మళ్లీ కలుస్తాయి. రెండింటికీ రెండు ఉమ్మడి కారణాంకం. ఐదు, ఏడు ప్రధాన సంఖ్యలు. వాటికి ఒకటి తప్ప ఉమ్మడి కారణాంకం లేదు, కాబట్టి ముప్పై ఐదు దాకా ఆగాలి. ఆ ఎదురుచూపులోనే పాటకు బిగువు వస్తుందని అతని వాదన.

ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం తీవ్రంగా ఉంది. బంద్‌లతో తరగతులు సాగక అతన్ని తార్నాకలోని మా ఇంటికి రమ్మన్నాను. మాది అనంతపురం. ఆంధ్రోళ్ల ఇంటికి ఎందుకు పోతున్నావని స్నేహితులు నిలదీశారట. "మా గైడ్ గాడ ఉన్నడు, ఇంకేడికి పోవాలె అన్న సార్," అని మామూలుగా చెప్పి, మా భోజనాల బల్ల మీద ఒక చేత్తో ఐదు, రెండో చేత్తో ఏడు వాయించి చూపించాడు. నేను లెక్క తప్పాను గానీ అతను తప్పలేదు.

ఒక ఊరేగింపులో డప్పు కొడుతుండగా బాష్పవాయు గోళం అతని ఎడమ చెవి పక్కనే పేలింది. ఆసుపత్రికి వెళితే చెవికి కట్టుతో వాళ్లమ్మ పక్కన కూర్చుని ఉన్నాడు. ఆ చెవికి వినికిడి రాదని, హోరు మాత్రం ఉంటుందని డాక్టర్లు చెప్పారు.

"సార్, గా అధ్యాయం తీసేస్త," అన్నాడు. "ఈ హోరుల రెండు దెబ్బలు కలిసినయో లేదో నాకు తెలుస్తలేదు."

నిరూపణ నువ్వు విన్నా వినకపోయినా నిలుస్తుంది కదా అన్నాను.

"అది నిలవడ్తది సార్. నేను కొట్టలేను."

వాళ్లమ్మ నావైపు చూసి తల దించుకుంది. అధ్యాయం ఉంచాలా వద్దా అన్నది నిబంధన ప్రకారం విద్యార్థి నిర్ణయం. ఆలోచించుకుని, చివరికి ఉంచాడు.

వాయిదాల మీద వాయిదాలు పడి వైవా జరిగింది. వేరే విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన పరీక్షకుడికి ఇతని సంగతి తెలియదు. ఆసక్తిగానే, ఆ ఐదు ఏడు వరసలు ఒకసారి బల్ల మీద వాయించి చూపమన్నారు. మల్లేశ్ చేతులు బల్ల మీద పెట్టాడు. కాసేపటికి తీసేశాడు. నేను నోరు విప్పడానికి వీల్లేదు.

"ఒక చెవి పోయింది సార్. కొట్టలేను. బోర్డు మీద రాసి చూపిస్త," అన్నాడు.

రాశాడు. ఎక్కడా తడబడలేదు. పరీక్షకుడు మరో ప్రశ్న వేయకుండా మార్కుల కాగితం మీద సంతకం చేశారు. మల్లేశ్ ప్రథమ శ్రేణిలో పాసై, ఒక జూనియర్ కాలేజీలో లెక్కల లెక్చరర్ అయ్యాడు. రాష్ట్రం ఏర్పడిన రోజు క్యాంపస్ నుంచి ఫోన్ చేశాడు. ఊరేగింపులో నడుస్తున్నానని, డప్పు తమ్ముడి మెడలో ఉందని చెప్పాడు. నాకు వెనకాల మోత వినిపిస్తోంది. ఆ మోతలో ఒక్క కుడి చెవికి నా మాట సరిగా అందనట్టుంది, అడిగిందే మళ్లీ అడిగాడు.

నిరూపణకు వినేవాళ్లతో పని లేదు. అది గణితానికున్న బలమని పదవీ విరమణ చేసేదాకా తరగతిలో చెప్పాను. చేతిలోని విద్య పోగొట్టుకున్న మనిషికి మాత్రం దాన్ని ఓదార్పుగా మళ్లీ ఎప్పుడూ చెప్పలేదు.