లత్తేరి మోరీ ముందు ఎత్తిన చెయ్యి

చిన్నాయన కర్మాంతరం ముగించుకొని పోయిన వారం గుడియాత్తం నుంచి వేలూరుకు బస్సులో తిరిగి వస్తుంటే, లత్తేరి దగ్గర బస్సు ఆగిపోయింది. ఎదురుగా గాలిమర రెక్కను మోసుకొని ఒక పొడవాటి ట్రైలరు మలుపు తిరుగుతోంది. బస్సులో అందరూ కిటికీల దగ్గరకు చేరి ఆ రెక్కను ఫోన్లలో ఫొటో తీసుకుంటున్నారు. నేను మాత్రం దాని ముందు నడుస్తున్న కుర్రవాణ్ణి చూస్తున్నాను. పాతికేళ్లు కూడా ఉండవు, వేసుకున్న నారింజ రంగు కోటు ఇంకా కొత్త మడతలతోనే ఉంది. మలుపులో కరెంటు తీగలు చూసి కాబోలు, ఉన్నట్టుండి కుడిచెయ్యి పైకెత్తాడు. ట్రైలరు ఆగలేదు. డ్రైవరు చెవి దగ్గర ఫోను ఉంది, అవతల ఆఫీసు నుంచి ఎవరో పోనిమ్మన్నట్టున్నారు. బండి మెల్లగా దాటిపోయింది. ఏమీ కాలేదు. కుర్రవాడు పక్కకు తప్పుకొని, చెయ్యి దించుకొని, ఎవరైనా చూశారేమోనని చుట్టూ చూశాడు.

నేను చూశాను. ఆ చెయ్యి దించుకోవడం చూశాక, పదకొండు రోజులుగా రాని ఏడుపు వచ్చింది. పక్క సీటులో కూర్చున్నావిడ ఏమనుకుందో, మంచినీళ్ల సీసా నా వైపు జరిపింది.

చిన్నాయన మా నాన్నకు తమ్ముడు. మాది కనియంబాడి దగ్గర సేద్యం చేసుకొనే ఇల్లు. నాన్న మడి వదిలి ఎక్కడికీ పోలేదు. చిన్నాయన మాత్రం చిన్నతనంలోనే లారీ ఎక్కి, పోను పోను, మామూలు లారీలు మోయలేని పెద్ద బరువులు మోసే ట్రైలర్లకు డ్రైవరయ్యాడు. నేను బి.ఏ. చదివి, పని దొరక్క, లైబ్రరీ పుస్తకాలు తెచ్చుకొని అరుగు మీద చదువుకుంటూ రోజులు గడుపుతుంటే, చూసి చూసి నాన్న ఒకరోజు నన్ను గుడియాత్తంలో ఉన్న ఆయన దగ్గరకు పంపించాడు.

మన ఈడు వాళ్లకు ఆ బండ్లు గుర్తుండే ఉంటాయి. ట్రాన్స్‌ఫార్మరో, బాయిలరో ఎక్కించుకొని మనిషి నడకకన్నా నిదానంగా ఊళ్లోకి వస్తుంటే బడి విడిచిపెట్టినట్టు పిల్లలంతా వెంట నడిచేవాళ్లు. లోపల కూర్చున్నవాళ్లకు మాత్రం ఇంజను సెగకు మోకాళ్లు కాలిపోయేవి. దారిలో తీగ అడ్డమొస్తే కరెంటు వాళ్లు వచ్చి ఎత్తిపెట్టేదాకా గంటలకొద్దీ చెట్టు కింద పడిగాపులు. తెలుగు మా ఇంటి మాటే అయినా చిన్నాయనకు తెలుగు అక్షరం రాదు. ఊరి పేర్లు చదువుకొనేంత అరవం వచ్చు. అందుకని ఆ ఖాళీ గంటల్లో నా చేత కథలు చదివించుకొనేవాడు. కథలో ఎవడైనా తెలివితక్కువ పని చేస్తే ఊరుకొనేవాడు కాదు, వాడు ఎదురుగా ఉన్నట్టే తిట్టేవాడు. ఒక కథలో అన్నదమ్ములు ఆస్తి పంచుకోవడం ఆయనకు నచ్చక, ఆ సాయంత్రమంతా నాతో కూడా సరిగా మాట్లాడలేదు.

కొత్తగా వచ్చినవాళ్లకు ఆయన పెట్టిన నియమం ఒకటే. స్టీరింగు ముట్టుకొనే ముందు బండికి ముందు నడవాలి. చేతిలో, బండి మీది బరువు ఎంత ఎత్తుంటే అంత పొడవున కోసిన వెదురు గడ. తలమీద తీగలు, కొమ్మలు, కాళ్ల కింద రోడ్డు, మోరీలు అన్నీ చూసుకుంటూ పోవాలి. అనుమానం వస్తే కుడిచెయ్యి ఎత్తాలి. ఎత్తితే బండి ఆగుతుంది. మొదటి రోజు కాట్పాడిలో బయలుదేరేటప్పుడు ఆయన నాతో చెప్పింది ఇంతే: "నేను రోడ్డు చూడను అబ్బోడా, నీ చెయ్యి చూస్తాను. చూసుకొని నడువు."

ఆ రోజు బండిలో ఉన్నది గుడియాత్తం అవతలి సబ్‌స్టేషనుకు పోవలసిన ట్రాన్స్‌ఫార్మరు. దింపడానికి అక్కడ క్రేను కాచుకొని ఉంది. లత్తేరి దాటాక రోడ్డు కింద నీళ్లు పారే చిన్న మోరీ ఒకటి వచ్చింది. వంగి చూస్తే దాని పక్కగోడ రాళ్ల మధ్య తడి కనిపించింది. వానలు లేని రోజులు. తడి ఎక్కడి నుంచి వచ్చిందో నాకు అర్థం కాలేదు. వెనక్కి తిరిగి చూశాను. అంత పెద్ద బండి, దాని వెనక ఆగిపోయిన బస్సులు, జనం. చెయ్యి ఎత్తడానికి సిగ్గుపడ్డాను. అయినా ఎత్తాను.

బండి ఆగింది.

వెనక జీపులో వస్తున్న కాంట్రాక్టరు మనిషి పరిగెత్తుకొని వచ్చాడు. "ఎన్నప్పా ఇది! ఆడ క్రేను కాసుకోని ఉండాది, నిన్న వచ్చినోడు చెయ్యెత్తితే బండి నిలబెడతావా? ఇన్నిసార్లు పోయినావే ఈ దోవలో!" అని చిన్నాయన మీద అరిచాడు.

చిన్నాయన నిదానంగా దిగి వచ్చి, మోరీని ఒకసారి చూసి, నన్ను ఒకసారి చూశాడు. "నిన్న వచ్చినోడైతే ఏమి సామీ, ముందర నడిచేది వాడే గదా" అన్నాడు.

"ఇట్లయితే ఇంకో లోడు నీకు రాదు, చూసుకో!"

"సరి" అన్నాడు చిన్నాయన.

అంతే. కాట్పాడి నుంచి మందపాటి ఇనుప పలకలు తెప్పించి, మోరీ మీద పరిచి, బరువు గోడల మీద పడకుండా చేసుకొని దాటేసరికి పొద్దు వాలిపోయింది. దాటిన తర్వాత పక్క చెరుకు తోటలోంచి ఒక ముసలామె తట్ట నెత్తిన పెట్టుకొని వచ్చి, పలకలు ఎత్తుతున్న మా వాళ్లను అడిగి సంగతి తెలుసుకొని, పెద్దగా నవ్వింది. "అది మా తోటకు కట్టిన నీళ్లు నాయనా! మోరీకేమి, నాకన్నా గట్టిగా ఉండాది. నన్నొక మాట అడిగింటే చెప్పనా?" అంది. అందరూ నవ్వారు. కాంట్రాక్టరు మనిషి మాత్రం నవ్వలేదు. అన్నమాట నిలబెట్టుకొని తర్వాతి లోడు వేరే డ్రైవరుకు ఇచ్చాడు. చిన్నాయన చాలా రోజులు ఇంట్లోనే ఉన్నాడు.

మోరీ దాటిన రోజు, రాత్రి బాగా పొద్దుపోయాక గుడియాత్తం ఇంటికి చేరి, నేను గడప దగ్గరే నిలబడి, రేపు కనియంబాడి వెళ్లిపోతానని చెప్పాను. పిన్నమ్మ సంగటి ముద్ద పళ్లెంలో పెడుతూ, "బండిని నిలబెట్టింది సాలు, నువ్వు గూడా నిలబడితే ఎట్ల? కూర్చోని తిను" అంది. చిన్నాయన పక్కన కూర్చున్నాను. నేనుండబట్టలేక, మోరీ బాగుందని ఆయనకు ముందే తెలుసా అని అడిగాను.

"తెలుసు" అన్నాడు.

మరెందుకు ఆపావన్నాను.

"నాకు తెలుసు, నీకు తెల్దు గదా. తెలియనప్పుడు నువ్వు చెయ్యెత్తాల. ఎత్తితే నేను ఆపాల. ఈ పొద్దు ఆపకుండా పోయింటే, రేపు నిజంగా మోరీ విరిగే కాడ నీ చెయ్యి లేస్తాదా అబ్బోడా?" అని, పిన్నమ్మ వైపు తిరిగి, "వానికింకో ముద్ద పెట్టు" అన్నాడు.

నేను వెళ్లలేదు. తర్వాత నేనూ డ్రైవరునయ్యాను, నా బండి ముందు కూడా ఎందరో కొత్తవాళ్లు నడిచారు. వాళ్లు ఎత్తిన చేతుల్లో చాలావరకు ఊరికే ఎత్తినవే. ఒక నీడను చూసి ఆపినవాడున్నాడు, అడ్డంగా పడుకున్న కుక్క కోసం ఆపినవాడున్నాడు. అన్నిటికీ ఆగాను. ఒక్కసారి మాత్రం ఊరికే ఎత్తింది కాదు. దాన్ని గురించి ఎక్కువ రాయలేను. ఆ రోజు ఆగాను కాబట్టే ఇప్పుడు నేనిది రాస్తున్నాను.

చివరి నెలల్లో చిన్నాయన చూపు తగ్గింది. వారానికొకసారి వేలూరు తొరపాడిలోని మా ఇంటి నుంచి గుడియాత్తం వెళ్లి, ఆయన్ను మంచం మీది నుంచి లేపి వీధి అరుగు దాకా నడిపించేవాణ్ణి. నేను ముందు, ఆయన వెనక. గడప దగ్గరికి రాగానే పాత అలవాటు కొద్దీ నా చెయ్యి లేచేది. ఆ చెయ్యి ఆయనకు మసకగా ఎంత కనిపించేదో తెలియదు గాని, ప్రతిసారీ ఆగేవాడు. ఎన్నో ఏళ్లుగా దాటుతున్న సొంత ఇంటి గడప. దాని ఎత్తు నాకన్నా ఆయనకే బాగా తెలుసు. అయినా ఆగి, నేను పోదామనేదాకా నిలబడేవాడు.

ఇప్పటి బండ్లు మంచివి. ఎత్తూ వెడల్పూ ముందే కొలిచి పెడతారు, దారి ఫోనులో కనిపిస్తుంది, ఇంజను సెగ మోకాళ్లకు తగలదు. ముందు నడిచే మనిషి ఇంకా ఉన్నాడు. పోయిన వారం లత్తేరి మలుపులో ఆఫీసు మాట నిజమే అయింది, తీగలు తగల్లేదు. కాని ఆ కుర్రవాడు ఈసారి అనుమానం వచ్చినప్పుడు ఏం చేస్తాడో ఆ ఆఫీసుకు తెలియదు. చిన్నాయనకు తెలుసు.

దారి ఖాళీ అయి బస్సు కదిలింది. ఆ కుర్రవాడి పక్కగా పోతున్నప్పుడు ఏమైనా చెప్పాలనిపించింది. కిటికీలోంచి చెయ్యి ఎత్తాను. ట్రైలరు వెనక పరిగెత్తబోతున్న ఆ కుర్రవాడు, నేనెవరో తెలియకుండానే, నా చెయ్యి చూసి ఆగాడు.