గొర్రెల మందు

శుక్రవారం మధ్యాహ్నం గల్ఫ్‌లో, ఎగైలా అనే చోట ఒక మాల్ బయట, నీడ అనబడే చోట నిలబడి టీ తాగుతున్నాం. కడప అన్న తన ఫోన్ నా ముఖానికి అడ్డం పెట్టాడు. ఈయన ఇక్కడే ఒక ఇంట్లో డ్రైవరు. నాకు చుట్టమేమీ కాదు గానీ, కష్టమొచ్చినప్పుడు కారు తెచ్చే మనిషిని ఏ వరస పెట్టి పిలిచినా తప్పులేదు. ఫోన్లో ఏదో చలిదేశం. అక్కడ గంజాయిని చట్టబద్ధం చేశారట, మందుకైనా సరే, సరదాకైనా సరే. అద్దాల దుకాణం, గాజు సీసాల్లో ఆకు. తెల్లకోటు వేసుకున్న అమ్మాయి ఒక ముసలామెకు మోకాళ్ల నొప్పికి ఏది మంచిదో ఓపిగ్గా చెబుతోంది. చివర్లో రశీదు చింపి చేతిలో పెట్టింది. “సూడబ్బీ, రశీదు కూడా ఇస్తా ఉండారు. ఇదే ఆకుకు మీ మామకు పదిహేనేండ్లు ఇచ్చిరి,” అన్నాడు అన్న. నా చేతిలో టీ చల్లారిపోయిందని రాస్తే బాగుంటుంది. కానీ ఆ ఎండలో టీ చల్లారదు. తాగేశాను.

మామ అంటే అమ్మకు తమ్ముడు. జగిత్యాల దగ్గర మా ఊరి నుంచి నాకంటే ముందే వచ్చి, కబ్ద్ ఎడారిలో ఒక కఫీల్ దగ్గర, అంటే వీసా ఇచ్చిన యజమాని దగ్గర, గొర్రెల కాపరిగా కుదిరాడు. నేను సబ్హాన్‌లో ఒక గోదాములో పెట్టెలు ఎత్తి దించుతుంటాను. నెలకో శుక్రవారం మామ దగ్గరికి వెళ్తే ముందు వాసన ఎదురొచ్చేది, తరవాత దుమ్ము, ఆఖరున మామ. రేకుల పాక, జనరేటర్ మోత, ఎండుగడ్డి మోపులు. నూట ఇరవై గొర్రెల్నీ ముఖం చూసి గుర్తుపట్టేవాడు. నాకు మాత్రం అన్నీ ఒకే పాస్‌పోర్టు ఫోటోలా కనిపించేవి. అన్నిట్లోకీ మొండిదైన నల్లమూతి గొర్రెకు సర్పంచ్ అని పేరు పెట్టాడు. అది అందరికంటే ముందు తొట్టి దగ్గరికి వస్తుంది, ఇంకో దాన్ని మూతి పెట్టనివ్వదు, అదిలిస్తే తల ఎగరేస్తుంది. “మనూరిదే అల్లుడా, వీసా మీద అచ్చింది,” అనేవాడు.

ఒక చలికాలం గొర్రెపిల్లలకు కడుపు పారుడు పట్టుకుంది. కఫీల్ తెచ్చిన సీసా మందులు పనిచేయలేదు. తెల్లారేసరికి రెండో మూడో కాళ్లు చాపి పడి ఉండేవి. కఫీల్ మామను ఒక్క మాట అనలేదు. అనకపోవడమే మామకు గుచ్చుకుంది. తిడితే మరుసటి రోజుకి మర్చిపోయేవాడు. ఆ తరవాత సెలవుకు ఊరెళ్లినప్పుడు, వాళ్ల నాన్న, అంటే మా తాత, గొర్రెలకు వాడే మందు చేసి తేవాలని పట్టుబట్టాడు. ఎండిన గంజాయి ఆకు, ఓమ, పాతబెల్లం కలిపి దంచి రేగుపండంత ఉండలు కట్టాలి. తాత దొడ్లో ఆ మొక్క బంతిచెట్ల వెనక పెరిగేది. మేం దాన్ని పసుల మందు అనేవాళ్లం. దాన్ని పీల్చే మనుషులు కూడా ఉంటారని నాకు పట్నంలో చదివేటప్పుడు తెలిసింది. ఆ చదువు వల్ల కలిగిన జ్ఞానం అదొక్కటే. మన దగ్గర కూడా అది నేరమే. ఆ సంగతి తాతకు ఎవరూ చెప్పలేదు, గొర్రెలకూ చెప్పలేదు.

బయల్దేరే ముందు రోజు మామ ఫోన్ చేశాడు. “అల్లుడా, మందు తయారైంది. మీ అత్త దంచి ఉండలు గట్టింది. తేవచ్చునా, ఏమన్న అంటరా?”

“తే మామా,” అన్నాను. “రెండు ఉండలు ఎక్కువనే తే. కఫీల్‌కు గూడ ఏద్దాం, శాంతంగ ఉంటడు.”

ఇద్దరం పడీపడీ నవ్వాం. ఆ ఉండల్లో ఏముందో నాకు తెలుసు. దానికి ఈ దేశంలో ఏమవుతుందో కూడా తెలుసు. జోకు తట్టేసరికి చెప్పాల్సింది వెనకబడింది.

మామ కోసం అన్న కారు తెచ్చాడు. విమానాశ్రయంలో చాలాసేపు నిలబడ్డాం. ఆ విమానంలో వచ్చిన వాళ్లంతా బయటికొచ్చారు, మామ రాలేదు. కస్టమ్స్ వాళ్లు సంచి విప్పితే సకినాలు, మామిడి తొక్కు, ఉండల మూట దొరికాయట. మామ దాచలేదు, తడబడలేదు. ఒక ఉండ విరిచి “బకరీ కా దవా” అని వాళ్లకు వాసన కూడా చూపించాడట. మనవాళ్లు సెలవు నుంచి వస్తూ పక్కింటివాళ్ల పార్సిళ్లు మోసుకురావడం మామూలే కాబట్టి, పోలీసులు మమ్మల్ని మామను కలవనిచ్చినప్పుడు అన్న ఉపాయం చెప్పాడు. “ఎవురో ఇచ్చి పంపిన పార్సిలని చెప్పు మామా. అందురూ అదే చెప్తారు.”

“ఎవలిచ్చిండ్రు అని అడుగుతరు గదా. ఎవలి పేరు జెప్పాలె? దంచింది నా పెండ్లం. నేనే జేసిన, నేనే తెచ్చిన అని రాపిచ్చిన,” అన్నాడు మామ. తెమ్మన్నది ఎవరో కూడా చెప్పలేదు. నా వైపు చూడను కూడా లేదు. పదిహేనేళ్లు పడింది. అప్పీలుకు వెళ్తే పదిహేనేళ్లే అన్నారు. ఖలాస్.

తీర్పు తరవాత మొదటి ములాఖత్‌లో అద్దానికి ఇవతల ఫోన్ పట్టుకుని, ఆ జోకు సంగతి ఎత్తుతాడని బిగుసుకుని కూర్చున్నాను. మామ అడిగింది ఒక్కటే. “సర్పంచ్ ఈనిందా?” కఫీల్ అప్పటికే సర్పంచ్‌తో సహా గొర్రెలన్నిటినీ అమ్మేశాడు. “ఈనింది మామా. జంట పిల్లలు,” అన్నాను. అతని ముఖం చూశాక ఇక ఆపలేకపోయాను. వెళ్లినప్పుడల్లా నోటిమాటతోనే మందను పెంచుతూ పోయాను. నా మందలో ఒక్క గొర్రె చావలేదు, ఒక్కదానికి కడుపు పారలేదు. మూడేళ్లలో కబ్ద్ చాలనంత అయింది.

“ఈడ గూడ ఎప్పుడన్న మారుతదా అన్నా?” అని ఆ శుక్రవారం మాల్ బయట అడిగాను. “మారితే మారతాదిలే అబ్బీ. మీ మామ బయటికొచ్చినాకే,” అని అన్న ఫోన్ జేబులో పెట్టుకున్నాడు.

తరవాతి ములాఖత్‌లో ఆ దుకాణం సంగతి మామకు చెప్పాను. గడ్డం నెరిసింది, మెడ సన్నబడింది. శ్రద్ధగా విని, “గొర్లకు గూడ ఇస్తరా?” అని అడిగాడు. తెలియదన్నాను. ఈసారి సర్పంచ్ గురించి తనంతట తాను అడగలేదు. నేనే అందుకున్నాను. “సర్పంచ్ మల్ల సూడితో ఉంది మామా.”

మామ అద్దం మీద వేలితో ఏదో లెక్క వేశాడు. “ఇగ దాన్ని ఈనిపియ్యకు అల్లుడా,” అన్నాడు మెల్లగా. “ముసల్దైంది. దానికి తొమ్మిదేండ్లు.”

బయటున్న నేను మూడేళ్లుగా ఒక్క గొర్రెకూ వయసు పెరగనివ్వలేదు. లోపలున్న మనిషి మాత్రం ఒక్క రోజు కూడా వదలకుండా దాన్ని పెంచుకుంటూ వచ్చాడు.