కరుణమ్మగారి వాలు అక్షరాలు

కరోనా తగ్గిన మరుసటి ఏడాది. ఏలూరులో మా ఇంటి ముందుగదే నా ఆఫీసు. పుస్తకాలకు పేజీలు కట్టడం, వీలున్నప్పుడు కొత్త ఫాంట్లు గీయడం నా పని. అప్పుడు ఇంగ్లీషులో ఒక ఇటాలిక్ స్లాబ్ సెరిఫ్ గీస్తున్నాను. ఇటాలిక్ అంటే కుడికి వాలిన అక్షరం. స్లాబ్ సెరిఫ్ అంటే గీతల కొసల్లో చదునైన, మందపాటి పాదాలున్న అక్షరం. ఆ పాదాల వల్ల వాలినా గట్టిగా నిలబడినట్టు కనిపిస్తుంది.

గణపవరం నుంచి సుందరరావుగారని ఒక రిటైరైన మాస్టారు వచ్చారు. కొల్లేటి లంకల్లో తానూ, భార్య కరుణమ్మగారూ బడి నడిపిన రోజుల గురించి రాశారు. ఆయన రాసినదాన్ని ఆవిడ మధ్యమధ్యలో సరిదిద్దిన మాటలు కూడా అందులో ఉన్నాయి.

"ఆవిడ మాటలు వేరుగా తెలియాలండి. ఇటాలిక్‌లో పెట్టండమ్మా," అన్నారు. "ఇదంతా రాశాక ఆవిడకి పక్షవాతమొచ్చి మాట పోయిందండి. ఇప్పుడిప్పుడే వస్తోంది. రోజూ ఏదోకటి పైకి చదివించమన్నారు డాక్టరుగారు. తన మాటలైతే ఇష్టంగా చదువుద్దని నా ఆశ," అన్నారు.

తెలుగులో ఇటాలిక్ అంటే చాలామంది చేసేదే నేనూ చేశాను. మామూలు అక్షరాన్ని కంప్యూటర్లో పక్కకు వంచి, అచ్చుకు ముందు సరిచూసే ప్రూఫు తీసుకుని గణపవరం వెళ్లాను. భర్త రాసిన భాగాన్ని కరుణమ్మగారు నెమ్మదిగానే అయినా బాగానే చదివారు. తన మాటల దగ్గరకొచ్చేసరికి "వడవ" అన్నారు. ఆగి, మళ్లీ "వడవ" అన్నారు. కాగితం ఒళ్లో పెట్టేశారు.

"నాకు చదువు పోయిందండి," అన్నారు భర్తతో.

నేను కాగితం తీసుకుని చూశాను. అక్కడున్నది "పడవ". వంచినప్పుడు తలకట్టు జరిగి "ప"కు అతుక్కుపోయి, అచ్చం "వ"లా కనబడుతోంది.

"తప్పు అక్షరానిదండి. కనబడింది కనబడినట్టే చదివారు మీరు," అన్నాను.

"నన్ను ఊరడించడానికంటున్నావమ్మా," అన్నారావిడ.

ఇంటికొచ్చి, చేతిలో ఉన్న పని ఆపి, తెలుగు వాలు అక్షరాలను మొదటినుంచీ గీయడం మొదలుపెట్టాను. మన అక్షరాలకు పాదాలుండవు. కానీ స్లాబ్ గీస్తూ నేర్చుకున్నది పనికొచ్చింది. గీత ఎక్కడా సన్నబడనివ్వలేదు. కొసలను చదునుగా తెంచాను. వాలు తగ్గించి, తలకట్టు కింద సందు పెంచాను. నెలలు పట్టింది. సుందరరావుగారు ఒక్కసారి కూడా తొందరపెట్టలేదు. ఆ ఓర్పుకు ఆయనకు ఎప్పటికీ రుణపడి ఉంటాను.

కొత్త ప్రూఫును కరుణమ్మగారు ముట్టుకోనన్నారు. "ఒక్క ముక్క చదువు, చాలు," అని భర్త బతిమాలితే, వేలు పెట్టి మొదలుపెట్టారు.

"వరదొచ్చిన రోజు... పిల్లల్ని ఎక్కించి... పడవ నడిపింది ఈయన కాదు. నేను."

తలెత్తి ఆయనకేసి చూశారు.

"ఒప్పుకున్నాను కదా. అచ్చు కూడా వేయిస్తున్నాను," అన్నారాయన.

ఆవిడ నవ్వి, ఎవరూ అడక్కుండానే ఆ పేజీ చివరిదాకా చదివారు.

ఆ పుస్తకం వాళ్ల చర్చి హాల్లో విడుదలైంది. ఎవరి భాగం వాళ్లు చదివారు. ముందు తడబడింది సుందరరావుగారే.

ఇప్పుడు ఏ పుస్తకం చేసినా, అచ్చుకు పంపేముందు ఒక పేజీ ఎవరిచేతనైనా పైకి చదివిస్తాను. వాళ్లు ఆగిన చోట మొదట నా అక్షరాన్నే అనుమానిస్తాను. చదవడం పోయిందనుకుని ఒక మనిషి కాగితం పక్కన పెట్టేయకుండా చూడటం కూడా నా పనిలో భాగమేనని కరుణమ్మగారి వల్ల తెలిసింది.