పంపు స్టవ్వు దగ్గర నేనన్న మాట

ఒక మాట ఇన్నేళ్లుగా నా రొమ్ము మీద బరువుగా ఉంది. మోకరించినప్పుడు మరీ బరువెక్కుతుంది. దేవునికి చాలాసార్లు చెప్పుకున్నాను. ఆయనకు చెప్పడం తేలిక. మనిషికే చెప్పలేకపోయాను. మీరు నన్నెరగరు. అందుకే మీకు చెబుతున్నాను.

మాది యానాంలో కనకాలపేట. ఇది జరిగేనాటికి ఫ్రెంచివాళ్లు వెళ్లిపోయి ఏడాదో, రెండేళ్లో. మా సంఘంలో ప్రతి ఆదివారం ప్రభువును తలచుకుంటూ రొట్టె పంచుకునే ప్రభువు బల్ల ఉండేది. దాని మీద పెట్టే రొట్టె కాల్చే పని నాది. పెళ్లై వచ్చినప్పటినుంచీ నాదే. పులియని పిండి కలిపి, కట్టెల పొయ్యి మీద, ప్రార్థన చేసుకుంటూ కాల్చేదాన్ని. నేను పొలం కూలికి పోయే మనిషిని. సంఘంలో నాకున్న గౌరవమల్లా ఆ రొట్టే. నేను మాత్రం దాన్ని సేవ అనుకునేదాన్ని.

పక్కింటి సంతోషమ్మ బడిపంతులు భార్య. నన్ను వదినా అని పిలిచేది. ఆమె భర్త పాండిచ్చేరి వెళ్లినప్పుడు ఇత్తడి పంపు స్టవ్వు తెచ్చాడు. ఆ వానాకాలం నా కట్టెలు తడిసి, రొట్టె పొగచూరింది. సంఘంలో పెద్దావిడ మార్తమ్మ గారు అందరి ముందూ నవ్వుతూ అన్నారు: "నీ రొట్టె నోట్లో పెట్టుకుంటే ప్రభువు కంటే ముందు నీ పొయ్యి గుర్తొత్తందే పిల్లా!"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. మరుసటి వారం నుంచి రొట్టె సంతోషమ్మ కాల్చింది. తెల్లగా, మెత్తగా, పొగవాసన లేకుండా.

ఆ ముక్క నాకు మింగుడుపడలేదు. పళ్లెం నా దగ్గరికి వచ్చినప్పుడు ప్రభువు శ్రమలు తలచుకోవాలి. నేనేం తలచుకున్నాను? ఆ ఇత్తడి మెరుపు. గోడ అవతల పంపు కొట్టే చప్పుడు. ఆ స్టవ్వు పాడైపోతే బాగుండునని కోరుకున్నాను. దాన్ని ప్రార్థన అనను, కానీ కోరుకున్నది మోకాళ్ల మీదే. ఆ రోజుల్లోనే ఆడవారి కూడికలో అసూయ గురించి వాక్యం చెప్పాను. చాలా బాగా చెప్పావన్నారు.

ఆ స్టవ్వు సంగతి నాకు తెలుసు. పెళ్లికి ముందు మిషను దొరసాని వంటింట్లో పనిచేశాను. ముందు స్పిరిటు వెలిగించి గొట్టం బాగా వేడెక్కనివ్వాలి. వేడెక్కక ముందే పంపు కొడితే కిరసనాయిలు ఆవిరి కాకుండా చిమ్ముతుంది, మంట పసుపుపచ్చగా ఎగుస్తుంది. అప్పుడు పక్కనున్న గాలి వదిలే మర విప్పేయాలి. గాలి పోతే మంట పడిపోతుంది. మీ ఇంట్లో అలాంటిది ఉంటే ఇది మరవకండి. సంతోషమ్మకు నేను చెప్పనిది ఇదే.

ఒక శనివారం మధ్యాహ్నం ఆమె గోడ అవతలినుంచి కేకేసింది. వెళ్లి గుమ్మంలో నిలబడ్డాను.

"ఒదినా, మంట చూడు ఎలా లేత్తందో! దొరసాని దగ్గర చేశావుగా, ఏం చెయ్యమంటావ్?"

"గాలి చాల్లేదమ్మా. ఇంకా కొట్టు."

"ఇంకానా? భయమేత్తంది బాబూ."

"పంతులు గారి పెళ్లానివి, స్టవ్వుకి భయపడతావేంటి? కొట్టు."

ఆమె నవ్వింది. కొట్టింది.

ఆమె చావాలనుకున్నానా? లేదు. చెయ్యి కాలాలనుకున్నానా? ఇక్కడే ఆగిపోతాను. రొట్టె మాడాలని, ఆమె బెదిరిపోయి స్టవ్వును మూలన పడేయాలని మాత్రమే అనుకున్నానని నాకు నేనే చెప్పుకుంటూ వచ్చాను. కానీ ఆ మంట ఎంత ఎత్తు ఎగుస్తుందో తెలిసినదాన్ని, దానికీ పంపు కొట్టే చేతికీ మధ్య జానెడు దూరమే ఉంటుందని తెలిసినదాన్ని, ఆ మాట నేనెలా నమ్మేది?

మంట ఆమె కుడిచేతిని పట్టుకుంది. తడి గోనె కప్పి ఆర్పింది నేనే. గాలి వదిలే మర విప్పిందీ నేనే. అప్పుడు నా చేతులకు అన్నీ గుర్తొచ్చాయి. పేటంతా నన్ను మెచ్చుకుంది.

పుండు మానాక సంతోషమ్మ కూడికలో సాక్ష్యం చెప్పడానికి లేచింది. వేళ్లు వంగిపోయి ఉన్నాయి. "ప్రభువు రొట్టె నా చేత్తోనే అవ్వాలని గర్వపడ్డాను. అందుకే ఆయన శిక్షగా ఈ చెయ్యి ముట్టాడు. మా ఒదిన్ని పంపి ప్రాణం నిలబెట్టాడు" అంది. సంఘమంతా ఆమెన్ అంది. నేనూ అన్నాను. అందరికంటే గట్టిగా.

రొట్టె మళ్లీ నాకొచ్చింది. వారం వారం కాల్చాను. ఆమె ఆ వేళ్లతోనే తుంచుకుని, కళ్లు మూసుకుని తినేది.

ఆమె ఇప్పుడు లేదు. చేయని పాపాన్ని ఒప్పుకుంటూనే వెళ్లిపోయింది. నన్ను క్షమించమని మిమ్మల్ని అడగను. క్షమించగలిగిన మనిషి పోయింది. ఇది రాస్తుంటే మాత్రం ఊపిరి కాస్త అందుతోంది. దేవుడు ఆ చెయ్యి ముట్టలేదు. సంతోషమ్మ గర్వపడలేదు. కొట్టమన్నది నేను.