పెద్దనాయన చీకటి గది

నా చిన్నప్పుడు హైదరాబాదు పాతబస్తీలో, జహనుమాలో మా గల్లీకి వచ్చిన మొదటి టీవీ పక్కింటివాళ్ళది. మాది కాదు. ఈ రెండో మాట చేర్చకుండా మొదటి మాట చెప్పడం నాకు ఇప్పటికీ చేతకాదు.

పక్కింటి చాచాకు చార్మినార్ దగ్గర లేసులు, జరీ అంచుల దుకాణం ఉండేది. వాళ్ళమ్మాయికీ నాకూ ఒకే వయసు, పదేళ్ళు. రెండిళ్ళకూ మధ్య గోడ ఒక్కటే. రంజాన్‌కు షీర్‌ఖుర్మా ఆ గోడ మీదుగా ఇటు వచ్చేది, మా ఇంట్లో సకినాలు కాలిస్తే అటు వెళ్ళేవి. ఆ పిల్లా నేనూ ఒకరి జడ ఒకరు వేసుకుని, ఒకరి గచ్చకాయలు ఒకరు కాజేసుకుని పెరిగాం. అంత స్నేహమూ ఆ చెక్క పెట్టె వాళ్ళ ముందుగదిలోకి వచ్చిన రోజున అడుగంటింది, అంటే నా వైపు నుంచి. ఆ టీవీకి అల్మారాకు ఉన్నట్టు రెండు తలుపులు, వాటికో తాళం. ఆదివారం పొద్దున గల్లీ పిల్లలమంతా చెప్పులు బయట విడిచి నేల మీద సర్దుకుని కూర్చున్నాక, ఆ పిల్ల తాళంచెవి తిప్పుకుంటూ వచ్చి తలుపులు మెల్లగా తెరిచేది. అంత మెల్లగా తెరవాల్సిన అవసరం లేదని నాకు బాగా తెలుసు.

అదైనా ఓర్చుకున్నాను. ఓర్చుకోలేనిది మా పెద్దనాయన సంగతి.

పెద్దనాయన మా నాన్నకు అన్న. పెద్దమ్మ పోయాక మాతోనే ఉండేవాడు. పిల్లలు లేరు. అందుకని ఆయన నా సొంతమని, వేరేవాళ్ళెవరికీ అందులో వాటా లేదని నా లెక్క. సర్కారు ప్రెస్సులో కెమెరా పని చేసేవాడు. మనుషుల ఫోటోలు తీసే పని కాదు, అచ్చు వేయాల్సిన కాగితాలను, పటాలను పెద్ద ఫిల్ము మీదికి ఎక్కించే పని. ఇంటికొస్తే ఆయన చొక్కాకు మందునీళ్ళ వాసన ఉండేది, వేళ్ళ చివర్లు గోధుమరంగులో ఉండేవి. పనికిరాని ఫిల్ము ముక్కలు నాకు తెచ్చి ఇచ్చేవాడు. వాటిని కళ్ళకు అడ్డం పెట్టుకుని గల్లీలో తిరుగుతుంటే నేనొక జమీందారులా ఉండేదాన్ని.

ఆ రోజుల్లో ఆదివారాలు టీవీలో ఫోటోగ్రఫీ గురించి ఒక సీరియల్ వచ్చేది. ఒక పొడుగాటి తెల్లదొర ఊరూరా తిరిగి పాతకాలపు చీకటి గదులు చూపించేవాడు. కెమెరా పుట్టకముందే జనం అలాంటి గదులు కట్టుకున్నారట. ఒక గుట్ట మీదో బురుజు పైనో గుండ్రటి గది, పైన అద్దం, వెలుగు దిగడానికి చిన్న చిల్లు, లోపల తెల్లటి బల్ల. తలుపు మూయగానే ఆ బల్ల మీద ఊరంతా వచ్చి వాలేది. బండ్లు పోతుండేవి, చెట్లు ఊగుతుండేవి, ఎవరో ఆరేసిన బట్టలు ఎగురుతుండేవి. దొర మాట్లాడే ఇంగ్లీషు మాలో ఎవరికీ ఎక్కేది కాదు. మిగతా పిల్లలు పది నిమిషాల్లో లేచి పోయేవాళ్ళు. మేమిద్దరం మాత్రం కదిలేవాళ్ళం కాదు.

ఇది తన వృత్తి కథ అని తెలిసి పెద్దనాయన కూడా రావడం మొదలుపెట్టాడు. చాచా ఆయనకు కుర్చీ వేసేవాడు. దొర చూపించింది ఆయన మాకు విడమరిచి చెప్పేవాడు. నేను ఊరికే తలూపేదాన్ని. ఆ పిల్ల మాత్రం ప్రశ్న మీద ప్రశ్న వేసేది. చిల్లు పెద్దదైతే ఏమవుతుంది, బొమ్మ తలకిందులుగా ఎందుకు పడుతుంది, వానొస్తే పడుతుందా అని. పైగా నాలాగే ఆయన్ను 'పెద్దనాయనా' అని పిలిచేది. ఆయన ముఖం వెలిగిపోయేది. "మస్తు అడిగినవ్ బిడ్డా" అనేవాడు. నాకు 'బిడ్డా' అనే పిలుపు పంచుకోవడమే కష్టంగా ఉంటే, ఒక ఆదివారం జేబులోంచి ఫిల్ము ముక్క తీసి ఆ పిల్ల చేతిలో పెట్టాడు. టీవీ వాళ్ళదే, తాళంచెవి వాళ్ళదే, ఇప్పుడు మా పెద్దనాయన కూడానా? ఆ రోజు అన్నం తినకుండా పడుకున్నాను. కడుపునొప్పి అని చెప్పాను. నిజానికి అది కడుపుమంట.

దసరా ముందు రోజు ప్రెస్సులో ఆయుధ పూజ చేసేవారు. ఆ ఒక్కరోజు పనివాళ్ళ పిల్లలను లోపలికి రానిచ్చేవారు. ఆ ఏడు పెద్దనాయన మా ఇద్దరినీ తీసుకుపోతానన్నాడు. ప్రెస్సులో ఆయన కెమెరా కూడా దొర గదుల్లాంటిదేనట. మనిషి అందులోకి వెళ్ళి తలుపేసుకుని పని చేయాలట. ఆ పిల్ల ఎగిరి గంతేసింది. ఈద్ పండక్కి కుట్టించిన పచ్చ జరీ బట్టలు వేసుకుంటానంది. నేను నవ్వానో లేదో గుర్తులేదు.

పూజ రోజు పొద్దున ఆ పిల్ల ఆ పచ్చ బట్టల్లోనే తయారై వాళ్ళ గుమ్మంలో నిలబడి ఉంది. పెద్దనాయన ఇంకా స్నానం చేస్తున్నాడు. నేను దగ్గరికి వెళ్ళి, "నిన్ను రావద్దన్నడు పెద్దనాయన. ఆడ పూజ ఉంటదంట. మీరు రావద్దంట" అన్నాను.

మీరు అంటే ఎవరో ఆ పిల్లకు అర్థమైంది. అర్థం కావాలనే అన్నాను. అప్పటిదాకా మా ఇళ్ళల్లో ఎవరి నోటా వినని మాట అది. ఎక్కడినుంచి దొరికిందో కానీ, కావలసిన క్షణంలో నాకు దొరికింది. ఆ పిల్ల దుపట్టా చివర వేలికి చుట్టుకుంటూ లోపలికి వెళ్ళిపోయింది. పెద్దనాయనకేమో ఆ పిల్లకు జ్వరమని చెప్పాను.

ప్రెస్సులో యంత్రాలన్నింటికీ కుంకుమ బొట్లు, బంతిపూల దండలు. పెద్దనాయన కెమెరాకు దండ కడుతున్నది ఆయనతో పని చేసే ఒక ముసలి భాయ్. తలమీద టోపీ, చేతిలో సూదీ దారం. ఏటా ఆయనే కడతాడట, ఇంకెవరు కట్టినా వంకరగా వస్తుందట. నన్ను చూసి, "దూస్రీ బచ్చీ కిధర్ హై? దో బోలే థే నా?" అని రెండో పిల్ల ఏదని అడిగాడు. మా ఇద్దరి కోసం రెండు మిఠాయి పొట్లాలు విడిగా దాచి ఉంచాడు.

పెద్దనాయన నన్ను చీకటి గదిలోకి తీసుకెళ్ళి తలుపేశాడు. గోడలో కెమెరా వెనుక భాగం, దానికి కిటికీ అంత గరుకు అద్దం. ఒకరు లోపల ఉండి, ఒకరు బయట దీపాల ముందు నిలబడి, మేమిద్దరం ఒకరినొకరం చూసుకోవాలని ఆయన అనుకున్నాడట. ఇప్పుడు బయట ముసలి భాయ్ నిలబడ్డాడు. అద్దం మీద ఆయన తలకిందులుగా, గడ్డం పైకి, టోపీ కిందికి, నవ్వుతూ కనిపించాడు. ఎంత అందంగా ఉందో చెప్పలేను. అయినా పెద్దనాయన ఆగకుండా ఆ పిల్ల ఊసే. "ఆ పిల్లుంటే ఇది అడుగుతుండె, ఆ పిల్లుంటే అది అడుగుతుండె" అని. లేని పిల్ల మీద కూడా నాకు కుళ్ళు పుట్టింది. రెండో పొట్లం ఆ పిల్లకివ్వమని నా చేతికిచ్చాడు. మా మేడ మెట్ల కింద కూర్చుని నేనే తినేశాను.

మర్నాడు దసరా. సాయంత్రం జమ్మి ఆకు చేతిలో పెట్టి అలాయ్ బలాయ్ తీసుకోవడం మా గల్లీలో అందరికీ అలవాటే. పెద్దనాయన ఏటా మొదట పక్కింటికే వెళ్ళేవాడు. నన్ను రమ్మన్నాడు. తప్పించుకోలేకపోయాను. చాచా ఎదురొచ్చి ఆయన్ను గట్టిగా కౌగిలించుకున్నాడు. ఆ పిల్ల తలుపు చాటున నిలబడింది. పెద్దనాయన నవ్వుతూ ఆకు చాపాడు. ఆ పిల్ల చేతులు వెనక్కి పెట్టుకుంది.

"ఇది బీ పూజదే కద పెద్దనాయనా, నేను ముట్టుకోవచ్చా?" అని అడిగింది.

కోపంగా అడగలేదు. నిజంగా తెలియక అడిగింది. చాచా తెల్లబోయి, "ఏమైందే నీకు? హర్ సాల్ తీసుకుంటవ్ కద" అన్నాడు. పెద్దనాయన ఒక్కసారి నా వైపు చూశాడు. ఇంకేమీ అడగాల్సిన పని లేకపోయింది. వంగి ఆ పిల్ల చెయ్యి ముందుకు తెచ్చి, ఆకు పెట్టి, పిడికిలి మూశాడు. చాలాసేపు ఆ పిడికిలి వదల్లేదు.

ఇంటికొచ్చాక దెబ్బలు పడతాయనుకున్నాను. పెద్దనాయన గడప మీద కూర్చుని, నన్ను ఎదురుగా నిలబెట్టి అన్న మాటలివి. "కుళ్ళుకుంటె కుళ్ళుకో బిడ్డా. మనిషన్నంక ఉంటది. గని నీ కుళ్ళుకు నా పేరు పెట్టకు. దేవుని పేరు అసలుకే పెట్టకు. నువ్వే పోయి చెప్పాలె. నేను చెప్ప."

నేను వెళ్ళలేదు. రెండుసార్లు వాళ్ళ గుమ్మం దాకా వెళ్ళి, ఉప్పు కావాలని ఒకసారి, చీపురు కావాలని ఒకసారి అడిగి వచ్చాను. మూడు రోజులు పెద్దనాయన నాతో మామూలుగానే మాట్లాడాడు, కానీ బిడ్డా అనలేదు.

ఆదివారం ఆయన టీవీకి వెళ్ళలేదు. మా సామాన్ల గదిలోంచి బియ్యం డబ్బాలు, పాత పరుపులు బయటకు చేర్చాడు. గల్లీ వైపు కిటికీకి నల్ల కాగితం అంటించి, దానికి కందిగింజంత చిల్లు పెట్టాడు. లోపల తన తెల్ల ధోవతి దండెం మీద వేలాడదీశాడు. పక్కింటికి వెళ్ళి ఆ పిల్లను పిలుచుకొచ్చాడు. ఆ పిల్ల వెంటే నేనూ లోపలికి దూరబోతుంటే భుజం పట్టి ఆపాడు. ఒకరు ఎండలో ఉండాలన్నాడు. నన్ను తీసుకెళ్ళి కిటికీకి ఎదురుగా, గల్లీ అవతలి గోడ దగ్గర నిలబెట్టాడు. తలుపు మూసుకుంది.

ఎండ మొహం మీద కొడుతోంది. నాకు కనిపించేది ఆ చిన్న నల్ల చిల్లు ఒక్కటే. లోపలినుంచి మాత్రం అన్నీ వినిపిస్తున్నాయి. ఆ పిల్ల కేక పెట్టింది. "యా అల్లా, ఉల్టా హై! గౌను కూడ ఉల్టా! ఏయ్, చెయ్యి లేపు!" చెయ్యెత్తాను. లోపల ఇద్దరూ నవ్వారు. ఆ పిల్ల అడుగుతోంది, పెద్దనాయన చెబుతున్నాడు, మళ్ళీ అడుగుతోంది. నన్ను వాళ్ళు చూస్తున్నారు, నేను వాళ్ళను చూడలేను. అన్నాళ్ళూ నేను పడ్డ కుళ్ళంతా ఒక ఎత్తు, అక్కడ నిలబడి పడ్డది ఒక ఎత్తు.

అప్పుడు లోపల నవ్వు ఆగింది. ఆ పిల్ల గొంతు చిన్నగా వచ్చింది. "పెద్దనాయనా, మరి ఆ రోజు నన్నెందుకు రావద్దన్నరు?"

పెద్దనాయన జవాబు చెప్పలేదు. నేను ఎదురుచూశాను. ఆయన చెప్పడని, లోపల ఆ చీకట్లో ఆయన కూడా నాలాగే ఎదురుచూస్తున్నాడని తెలిసింది. కిరసనాయిలు బండివాడు నా ముందునుంచి వెళ్ళేదాకా ఆగాను. తర్వాత ఆ చిల్లు వైపు చూస్తూ అరిచాను.

"పెద్దనాయన అనలే! నేనే అన్న! నాకు కుళ్ళు పుట్టి అన్న!"

గల్లీ అంతా విన్నది. అరుగు మీద చింతపండు గింజలు తీస్తున్న ఎదురింటి ముసలమ్మ చెయ్యి ఆపి చూసింది. తలుపు తెరుచుకుని ఆ పిల్ల బయటకు వచ్చింది. చీకట్లోంచి వచ్చింది కనుక కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఎందుకు అబద్ధమాడావని అడుగుతుందనుకున్నాను. ఆ పిల్ల అడిగింది వేరు. "అయితే మేం రావద్దని ఎవ్వరనలేదా?"

"ఎవ్వరనలే" అన్నాను.

పెద్దగా ఊపిరి వదిలింది. ఆ తర్వాతే నా చెయ్యి పట్టుకుని, తోలు ఊడివచ్చేలా గిల్లింది. నేను ఏడ్చాను. ఆ పిల్ల కూడా ఏడ్చుకుంటూ ఇంట్లోకి వెళ్ళిపోయింది. దీపావళి దాకా నాతో మాట్లాడలేదు. ఆదివారాలు పెద్దనాయన ఒక్కడే వెళ్ళి కుర్చీలో కూర్చునేవాడు. నేను ఇవతల గోడకు చెవి ఆనించి ఆ దొర ఇంగ్లీషు వినేదాన్ని. సీరియల్ అయిపోయింది. చివరి గదులు నేను చూడనేలేదు. మాటలు కలిశాక ఆ పిల్ల వాటి గురించి చెప్పింది కానీ, నన్ను ఉడికించడానికి సగం కల్పించి చెప్పిందని నా అనుమానం. చాలా అందంగా చెప్పింది.

ఎన్నో ఏళ్ళ తర్వాత, మా ఇద్దరికీ పెళ్ళిళ్ళయ్యాక, ఒకసారి మాటల్లో చెప్పింది. నేనా మాట అన్నాక తను వాళ్ళమ్మకు కూడా ఏమీ చెప్పలేదట. మా వాకిట్లోకి ఏ పని మీద వచ్చినా ఎక్కడ అడుగు పెట్టవచ్చో, ఏది తాకకూడదో చూసుకుంటూ నడిచిందట. పుట్టినప్పటినుంచీ పొర్లాడిన వాకిలి అది. నవ్వుతూనే చెప్పింది. నాకు నవ్వు రాలేదు.

అసూయ నన్ను వదిలిపోలేదు. నాతోపాటే ముసలిదయింది. చెల్లెలు ఇల్లు కట్టుకున్నప్పుడు, తోటి టీచరు నాకంటే ముందు హెడ్మిస్ట్రెస్ అయినప్పుడు, ఇద్దరికీ ముఖం మీదే చెప్పాను, నాకు కుళ్ళుగా ఉందని. వాళ్ళు నవ్వారు, నేనూ నవ్వాను. కానీ ఎవరినైనా నా ఇంటికి, నా బడికి, నా పక్కకు రావద్దని అనాల్సి వస్తే మాత్రం పెద్దల పేరు, ఆచారం పేరు, దేవుడి పేరు ఏదీ అడ్డం పెట్టుకోను. నేనే వద్దంటున్నానని, నా నోటితో, వాళ్ళ కళ్ళలోకి చూసి చెప్పాలి. అలా చెప్పడానికి సిద్ధపడి ఎన్నోసార్లు గుమ్మం దాకా వెళ్ళాను. అక్కడికి వెళ్ళాక వద్దనడానికి నోరు రాలేదు. రండి, లోపలికి రండి అన్నాను.