అర్థం తెలియని స్పానిష్ పాట

నా చిన్నప్పుడు కెనడాలోని బ్రాంప్టన్‌లో మా వీధిలో ఏ ఇంటి బేస్‌మెంటూ ఖాళీగా ఉండేది కాదు. కాలేజీల్లో చదువుకోవడానికి మన దేశం నుంచి పిల్లలు విమానాల నిండా వచ్చి దిగుతున్న కాలమది. మా ఇంటి కింద కరీంనగర్ నుంచి వచ్చిన ఒక అక్క అద్దెకుండేది. పగలు కాలేజీ, సాయంత్రాలు వేర్‌హౌస్‌లో పార్ట్‌టైమ్ పని. ఆదివారం మాత్రం తీరిగ్గా వంట చేసుకుంటూ పాడుకునేది. హీటర్ గాలి వచ్చే గొట్టంలోంచి ఆ పాట నా గదిలోకి వెచ్చగా తేలివచ్చేది.

అది తెలుగు కాదు, ఇంగ్లిషూ కాదు. ఎవరో లాటిన్ పాప్ గాయకుడు పాడిన స్పానిష్ ప్రేమపాట. వేర్‌హౌస్‌లో అక్క పక్కన నిలబడి పెట్టెలు సర్దే కొలంబియా ఆవిడ దాన్ని కూనిరాగం తీస్తూ ఉండేదట. విని విని అక్కకు పట్టుబడింది. బయట మంచు రాలుతుంటే ఆ రాగం వింటూ పడుకున్న నాకు, ఇల్లంతా మెల్లగా ఎటో తేలిపోతున్నట్టు ఉండేది.

ఆ చలికాలం తెనాలి నుంచి మా అమ్మమ్మ వచ్చి ఉంది. నాకు తెలుగు అర్థమయ్యేది గానీ నోరు తిరిగేది కాదు. ఒకసారి ఇంటికొచ్చిన చుట్టాలు నా మాటలకు పగలబడి నవ్వారు. అప్పటినుంచి ఎవరు పలకరించినా ఇంగ్లిషులోనే జవాబు చెప్పేదాన్ని. అమ్మమ్మకు ఇంగ్లిషు రాదు. ఒకే సోఫాలో కూర్చుని, ఇద్దరం మాటల్లేకుండా కిటికీలోంచి మంచు చూసేవాళ్లం. మరో వారంలో ఆమె తిరుగు ప్రయాణం.

ఆ ఆదివారం నేను కిందికి వెళ్లి పాట నేర్పమన్నాను. అక్క స్టవ్ తగ్గించి, ఒక్కొక్క ముక్కే నాచేత పలికించింది. "కొరసోన్" అంటే గుండె అని చెప్పింది. మిగతా మాటల్లో సగం తనకూ తెలియవు. పోపు వాసనల మధ్య నేను గొంతెత్తి పాడేశాను.

"మస్తు పాడినవ్! ఎన్ని తప్పులు పోయినయో తెలుసా?" అని నవ్వింది అక్క.

"సో వాట్?" అన్నాను.

"మరి స్పానిష్ తప్పు పాడెటందుకు లేని సిగ్గు, మీ అమ్మమ్మతోని తెలుగు మాట్లాడెటందుకు ఎందుకే పిల్లా?"

వచ్చిన కొత్తలో తనకూ బస్సులో నోరు తెరవాలంటే భయమేసేదని, తనకన్నా తక్కువ ఇంగ్లిషు వచ్చిన ఆ కొలంబియా ఆవిడ అందరితో జంకు లేకుండా మాట్లాడుతుంటే చూసి ధైర్యం తెచ్చుకున్నానని చెప్పింది అక్క.

పైకి వచ్చి అమ్మమ్మ పక్కన కూర్చుని పాడాను. ఆమె కళ్లు మూసుకుని వింది.

"ఏమంటున్నాడే అతను? రమ్మంటున్నాడా, పోవద్దంటున్నాడా?"

"తెలీదు. ప్రేమ పాట." ఆ ఊపులోనే తెలుగులో అడిగేశాను. "అమ్మమ్మా, తాతయ్య నీకు పాట పాడిందా?"

తప్పు మాట్లాడానని అంటుండగానే తెలిసిపోయింది. నవ్వు కోసం భయంగా చూశాను. అమ్మమ్మ నవ్వలేదు. నా చెయ్యి తన ఒళ్లోకి తీసుకుంది.

"పాటెక్కడిదే తల్లీ! ఈల వేసేవారు. మిల్లు నుంచి సైకిలు మీద వస్తూ, సందు మొదట్లోనే అందుకునేవారు. అది వినపడగానే నేను కాఫీకి నీళ్లు పెట్టేదాన్ని."

అని, పెదాలు సున్నాలా చుట్టి ఆ ఈల వేసి చూపించింది. సగం గాలే వచ్చింది. మళ్లీ వేసింది. ఈసారి పలికింది. చెంపలు ఎర్రబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తాతయ్య నేను పుట్టకముందే పోయారు. అంతవరకు ఆయన నాకు గోడమీది ఫోటో మాత్రమే.

ఆ వారమంతా నేను అడుగుతూనే ఉన్నాను, ఆమె చెబుతూనే ఉంది.

ఇప్పుడు నా జుట్టు నెరిసింది. ఏ కొత్త మనిషి ఎదురైనా, వచ్చినంత భాషలో ముందు నేనే పలకరిస్తాను. తప్పు వస్తే రానీ అనుకుంటాను. ఆ రోజు సరైన మాట కోసం ఆగి ఉంటే, మా తాతయ్య ఈల నాకెప్పటికీ వినిపించేది కాదు.